పాత మోటార్‌హోమ్ నిలకడగా పోవాలంటే ముందు తూకం

పాత మోటార్‌హోమ్ (లోపలే ఉండటానికి, పడుకోవడానికి వీలున్న ఇల్లులాంటి బండి) రోడ్డు మీద అటూ ఇటూ పోతోందని ఎవరైనా అడిగితే, ఏ పార్టూ కొనకముందు వేబ్రిడ్జి ఎక్కించమంటాను. నీళ్లు, గ్యాస్, సామాను, మనుషులు అన్నీ ఉండగానే ముందు ఇరుసు బరువు, వెనక ఇరుసు బరువు విడివిడిగా తీసుకోండి.

ఈ బండ్లకు వెనక చక్రాలు దాటాక కూడా బాడీ చాలా పొడవుంటుంది. అక్కడ పెట్టిన బరువు వెనక ఇరుసును నొక్కి, ముందు ఇరుసును పైకి లేపుతుంది. దాంతో ముందు చక్రాలకు పట్టు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది. 100 లీటర్ల నీళ్లంటే 100 కిలోలు. ట్యాంకు వెనక ఉంటే దారికి సరిపడానే నింపండి. నా బండిలో జనరేటర్, పనిముట్ల పెట్టె రెండు ఇరుసుల మధ్యకు జరిపాక స్టీరింగ్ బరువు చేతికి తెలిసింది.

గాలి కూడా ఆ తూకాన్ని బట్టే. టైరు మీద అచ్చేసిన గరిష్ఠ అంకె చూసి పట్టేయకండి. టైరు కంపెనీ లోడ్ పట్టికలో మీ ఇరుసు బరువుకు ఎంతుందో చూసి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టండి. టైరు పక్కన అచ్చేసి ఉండే డాట్ కోడ్ చివర 2318 అని ఉంటే అది 2018లో 23వ వారం తయారైన టైరు. ఈ బండ్ల టైర్లు అరగకముందే ముసలివైపోతాయి. పగుళ్లుంటే మార్చాల్సిందే.

తర్వాత స్టీరింగ్ ప్లే, అంటే స్టీరింగ్ తిప్పినా చక్రాలు కదలని వదులు. చక్రాలు నేల మీదే ఉంచి, అడ్డుదిమ్మలు పెట్టి, ఒకరు స్టీరింగ్ కొద్దికొద్దిగా తిప్పుతుంటే ఇంకొకరు స్టీరింగ్ కదలికను చక్రాలకు చేర్చే టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింక్ గమనించాలి. చేతులు దూరంగా ఉంచండి. ఒక భాగం కదిలి దాని పక్కది ఆలస్యంగా కదిలితే, అరుగుదల ఆ రెండింటి మధ్యే. వదులు తగ్గించడానికి స్టీరింగ్ బాక్స్ మీద ఉండే స్క్రూ జోలికి మాత్రం పోవద్దు. ఎక్కువ బిగిస్తే మలుపు తర్వాత స్టీరింగ్ తిరిగి రాదు, అది ప్లే కన్నా ప్రమాదం.

అరిగినవి మార్చాకే అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం), అదీ సామాను నింపిన బండికే. టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ఒక్కటే చూసి పంపేస్తారు, క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం) కూడా కొలవమని పట్టుబట్టండి. స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావడంలో దానిదే పెద్ద పాత్ర.

మలుపుల్లో ఒరుగుతుంటే బండి ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్‌కు ఉండే రబ్బరు బుష్‌లు చూడండి. నా బండివి నలిపితే పొడిలా రాలాయి. పాలియురెథేన్‌వి వేశాక తేడా మొదటి మలుపులోనే కనిపించింది. లారీ దాటినప్పుడు తోక ఊగితే వెనక ఇరుసుకు పాన్‌హార్డ్ రాడ్ (ఇరుసు పక్కలకు జరగకుండా ఛాసిస్‌కు పట్టి ఉంచే కడ్డీ) పనికొస్తుంది. ఏదైనా ఒక్కొక్కటే మార్చి, అదే రోడ్డు మీద నడిపి చూశాకే తర్వాతి దానికి డబ్బు పెట్టండి.