ఉప్పునీటి అక్వేరియంలో ఏ చేపల్ని కలిపి పెంచాలి?

చెన్నైలో రంగు చేపలమ్మే కొళత్తూరులో గాజు తొట్టెల ముందు నిలబడితే ప్రతి చేపనూ ఇంటికి తెచ్చుకోవాలనిపిస్తుంది. నేనూ అలాగే మొదట ఒక నీలం డామ్సెల్‌ని కొన్నాను. చవక, గట్టి చేప, కొత్తవాళ్లకు మంచిదన్నారు. నెల తిరిగేసరికి ట్యాంకంతా దాని రాజ్యమైపోయింది. తర్వాత తెచ్చిన ఫైర్‌ఫిష్‌ని రాళ్ల వెనక నుంచి బయటికి రానివ్వలేదు, తిండి తిననివ్వలేదు. మూడో రోజు పొద్దున ఫైర్‌ఫిష్ నేల మీద ఎండిపోయి ఉంది. భయపడితే అవి ఎగిరి దూకేస్తాయి. పైన వల మూత లేకపోవడం కూడా నా తప్పే.

అందుకే కొనే చేపల జాబితా, అవి ట్యాంకులోకి వెళ్లే వరస ఇంట్లోనే రాసుకోండి.

ముందు ప్రతి చేప పెద్దయ్యాక ఎంత అవుతుందో చూడండి. దుకాణంలో రెండంగుళాలున్న బ్లూ టాంగ్ దాదాపు 30 సెం.మీ. వరకూ పెరుగుతుంది. 200 లీటర్ల ట్యాంకులో దాన్ని పెట్టడం అన్యాయం. ఆ ట్యాంకుకు రెండు ఒసెల్లారిస్ క్లౌన్ చేపలు, ఒక రాయల్ గ్రామా, ఒక ఫైర్‌ఫిష్, ఒక చిన్న గోబీ చేప చాలు. లయన్‌ఫిష్ నోట్లో పట్టిన చేపనల్లా మింగేస్తుంది, దాని ముళ్లలో విషం కూడా ఉంది. చిన్న చేపలుంటే అది వద్దు.

తర్వాత పోలికలు చూడండి. ఒకే రూపం, ఒకే రంగు ఉన్నవాటి మధ్యే గొడవలు ఎక్కువ. రాయల్ గ్రామా, రాయల్ డాటీబ్యాక్ రెండూ ఊదా, పసుపు రంగుల్లోనే ఉంటాయి, ఒక్క ట్యాంకులో ఇమడవు. క్లౌన్ల సంగతి వేరు. అవన్నీ మగవిగానే పుడతాయి, జంటలో పెత్తనం చేసేది ఆడదిగా మారుతుంది. అందుకని ఒకటి కొంచెం పెద్దది, ఒకటి చిన్నది, రెండూ పిల్లలుగా ఉన్నప్పుడే ఒకేసారి తెచ్చుకోండి. తొట్టెల్లో పుట్టి పెరిగినవి దొరికితే అవే తీసుకోండి, గుళికల మేతకు త్వరగా అలవాటు పడతాయి.

డబ్బులిచ్చే ముందు దుకాణదారుణ్ణి మేత వేయమని అడగండి. తినని చేపను ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. మాండరిన్ చేప ఎక్కువగా రాళ్ల మీద పాకే బుల్లి బుల్లి జీవుల్నే తింటుంది, కొత్త ట్యాంకులో పస్తులుండి చచ్చిపోతుంది. ఇక సముద్రపు గుర్రాన్ని ఎవరైనా చూపిస్తే కొనకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని కాపాడుతోంది.

ట్యాంకు సిద్ధమయ్యాక, అంటే నీళ్లలో చేపలకు విషమైన అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాక, సాధువైనవాటిని ముందు, దూకుడువాటిని చివర వదలండి. ముందే తిష్ట వేసిన చేపే హద్దులు గీస్తుంది. ఒకదానికీ ఇంకోదానికీ రెండు మూడు వారాలు ఆగండి. ప్రతి కొత్త చేపనూ నాలుగు వారాలు వేరే తొట్టెలో ఉంచితే తెల్లమచ్చల జబ్బు మిగతావాటికి అంటే ముప్పు తగ్గుతుంది. చెన్నై మే నెలలో నీళ్లు 25-27 డిగ్రీల్లో ఉండాలంటే నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రం కావాల్సిందే. వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. కరెంటు పోయినప్పటికి బ్యాటరీ ఎయిర్ పంపు దగ్గరుంచుకోండి.

కొత్త చేపను వదిలేటప్పుడు లైట్లు ఆపండి, రాళ్లను కొంచెం అటూ ఇటూ జరపండి. మొదటి గంట అక్కడే కూర్చోండి. తరమడం ఆగకుండా రెక్కలు చిరుగుతుంటే, కొత్తదాన్ని కాదు, తరిమేదాన్నే పట్టి చిల్లుల ప్లాస్టిక్ పెట్టెలో అదే ట్యాంకులో వారం రోజులు ఉంచండి. అది బయటికొచ్చేసరికి కొత్త చేప తనకో మూల చూసుకుని ఉంటుంది.