బెజవాడ ఎండల్లో బ్రిటిష్ షార్ట్‌హెయిర్ పిల్లిని పెంచాలంటే

బ్రిటిష్ షార్ట్‌హెయిర్‌ని తెచ్చుకుందామనుకునేవాళ్లు ముందు రేటు అడుగుతారు, తర్వాత బూడిద రంగుదే కావాలంటారు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా, మీరు ఆఫీసుకెళ్లాక కూడా, ఇంట్లో ఒక్క గదైనా చల్లగా ఉంటుందా? ఉండదంటే దీని జోలికి పోకండి, మన వీధి పిల్లినే పెంచుకోండి, అది ఈ ఎండల్లోనే పుట్టి పెరిగింది.

దీని వెంట్రుక పొట్టిదే గానీ మహా ఒత్తు, వేళ్లతో విడదీసి చూసినా చర్మం అంత తేలిగ్గా కనపడదు. ఇంగ్లండు చలికి సరిపోయే బొచ్చు అది. ఇక్కడ రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ. పిల్లికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు కాబట్టి ఫ్యాన్ ఒక్కటే వేసి వెళ్లిపోతే సరిపోదు. పై అంతస్తు ఫ్లాట్ అయితే పదకొండు దాటకముందే కర్టెన్లు వేసేసి, ఏసీ 26, 27 మీద పెట్టి, నీళ్లూ, లిట్టర్ ట్రే (పిల్లి మలమూత్రాలకి వాడే ఇసుక పళ్లెం) అదే గదిలో ఉంచండి. కరెంటు పోయినప్పుడు ఆ గది తలుపు మూసి ఉండకూడదు, అది బాత్రూమ్ టైల్స్ మీదకో వంటింటి గట్టు కిందకో తనే వెళ్లి పడుకుంటుంది. నీళ్లు స్టీలు గిన్నెలో కన్నా మట్టి మూకుడులో చల్లగా ఉంటాయి, రెండు మూడు చోట్ల పెట్టండి, తిండి గిన్నె పక్కన మాత్రం వద్దు.

నోరు తెరిచి కుక్కలా వగరుస్తోందంటే అది ఆట కాదు, ప్రమాదం. వెంటనే మామూలు నీళ్లతో పాదాలు, చెవులు, పొట్ట తడిపి ఫ్యాన్ కింద ఉంచి, ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఐసు నీళ్లు పోయొద్దు. ఎండాకాలం కదా అని బొచ్చు గొరిగించడం కూడా తెలివైన పని కాదు, దాని బదులు వారానికి రెండు మూడు సార్లు దువ్వండి, చంకల కింద, తొడల లోపలి వైపు కూడా. ఊడిపోయే బొచ్చంతా దువ్వెనకే వచ్చేస్తే సోఫా మీద పడేదీ, అది నాక్కుని మింగేదీ తగ్గుతుంది.

ఇక స్వభావం. చంక ఎక్కి కూర్చునే పిల్లి కావాలంటే ఇది కాదు. ఎత్తుకుంటే నాలుగు కాళ్లూ బిగబట్టి ఎప్పుడు దింపుతారా అని చూస్తుంది. కానీ మీరు హాల్లో ఉంటే హాల్లో, వంటింట్లో ఉంటే గుమ్మం దగ్గర, రెండు చేతుల దూరంలో కూర్చుంటుంది, దాని ప్రేమ అంతే, అలిగిందని టెన్షన్ పడకండి. అరుపులు తక్కువ, కొన్ని గంటలు ఒంటరిగా ఉండగలదు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకెళ్లే ఇళ్లకి నప్పుతుంది. సంక్రాంతికి చుట్టాల పిల్లలు దిగితే మంచం కిందకి దూరుతుంది, లాగొద్దు, దానంతటదే వస్తుంది.

అసలు చిక్కు తిండి. ఎదిగిన మగపిల్లి ఐదు నుంచి ఎనిమిది కిలోల దాకా తూగుతుంది, కానీ ఒళ్లు కదల్చడానికి బద్ధకం కాబట్టి కొవ్వు ఇట్టే పట్టేస్తుంది, మన అమ్మలేమో బొద్దుగా ఉందని ఇంకో ముద్ద పెడతారు. చేత్తో తడిమితే పక్కటెముకలు తగలాలి. గిన్నె నిండా తిండి పోసి వదిలేయకుండా కొలిచి రెండు పూటలా పెట్టండి. పెరుగన్నం, పప్పన్నం తింటే తిననీ అనుకోవద్దు, పిల్లికి మాంసమే ఆధారం, అందులో ఉండే టారిన్ అనే పోషకం లేకపోతే కళ్లూ గుండే దెబ్బతింటాయి. ఉల్లిపాయ, వెల్లుల్లి వేసిన కూర విషమే. జ్వరమొచ్చిందని పారాసిటమాల్ ముక్క వేశారో, ప్రాణం పోతుంది.

మగపిల్లి ట్రేలోకి మాటిమాటికీ వెళ్లి ముక్కుతూ చుక్క రాకుండా బయటికొస్తుంటే అది మలబద్ధకమని ఆముదం పట్టే ఇళ్లున్నాయి. మూత్రం అడ్డుపడి ఉండొచ్చు, రాత్రయినా సరే బయల్దేరండి.

కొనేటప్పుడు, రాగి రంగు కళ్లు, గుండ్రటి మొహం చూసి మురిసిపోకుండా తల్లిని చూపించమనండి, పన్నెండు వారాలు నిండని కూనని తీసుకోవద్దు. ఈ జాతిలో గుండె కండరం మందమయ్యే జబ్బు వస్తుంటుంది, తల్లిదండ్రులకి గుండె స్కాన్ చేయించారా అని అడిగితే మొహం తేలేసేవాళ్లే ఎక్కువ, అయినా అడగండి. టీకాలు, రేబిస్ సహా, పూర్తవ్వాలి. పెద్ద పరీక్షలకి గన్నవరంలో వెటర్నరీ కాలేజీ ఉంది. ఎండాకాలం వెళ్లాల్సొస్తే పిల్లిని తీసుకెళ్లే బుట్టలో తడి తువ్వాలు పరిచి పొద్దున ఎనిమిదికల్లా బయల్దేరండి, మధ్యాహ్నం రమ్మంటే కుదరదని చెప్పేయండి.