రేసు మానిన గుర్రం లాయం తలుపు కొరుకుతుంటే

బెంగళూరు, చెన్నై రేసుల నుంచి చిత్తూరు, తిరుపతి పక్క తోటల్లోకి వచ్చే గుర్రాల్లో కొన్ని క్రిబ్బింగ్, వీవింగ్ అనే అలవాట్లతోనే దిగుతాయి. ముందుపళ్లు తలుపు అంచుకు ఆనించి, మెడ బిగించి, గుర్రుమంటూ గాలి లాగడం క్రిబ్బింగ్. ముందుకాళ్ల మీద బరువు మారుస్తూ తల అటూ ఇటూ ఊపడం వీవింగ్. ఇది పొగరు కాదు, కొట్టకండి.

గుర్రం కడుపులో ఆమ్లం రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది. దాన్ని అణిచే లాలాజలం మాత్రం నమిలినప్పుడే ఊరుతుంది. రేసు లాయంలో గింజలెక్కువ, గడ్డి తక్కువ, రోజంతా గదిలోనే. అందుకే కడుపులో పుండ్లు, వాటితోపాటు ఈ అలవాట్లు. క్రిబ్బింగ్ ఆపడానికి కట్టే మెడపట్టీ కొనేముందు మేత లెక్క చూడండి.

450 కిలోల గుర్రానికి రోజుకు 8, 9 కిలోల ఎండుమేత కావాలి. నాలుగు విడతలుగా వేయండి, చివరిది రాత్రి పదికి. 3, 4 సెంటీమీటర్ల కన్నాలున్న వలలో పెడితే నిదానంగా తింటుంది. వల ఖాళీ అయ్యేకొద్దీ కిందికి జారుతుంది, అందులో లాడం ఇరుక్కుంటే కాలికి ప్రమాదం. ఖాళీ వలను వేలాడదీసి చూసి, అడుగు ఛాతీ ఎత్తుకు తగ్గకుండా ఉండేలా కట్టండి.

మన దగ్గర దొరికే చెనిక్కాయ (వేరుశనగ) కట్టె మంచిదే. దులిపి చూడండి, బూజు వాసన వస్తే పారేయండి. నేపియర్ గడ్డి ఒక్కటే మేపితే అందులోని ఆక్జలేట్ వల్ల ఎముకల్లో సున్నం తగ్గుతుంది. వరిగడ్డి ఒక్కటే అయితే పేగులో అడ్డుపడొచ్చు. దాణా ఒక పూటకు 2 కిలోలు దాటకూడదు. ఆవుల దాణా అస్సలు వద్దు: అందులో మోనెన్సిన్ అనే మందు కలిసి ఉంటే కొద్దిపాటికే గుర్రం గుండె దెబ్బతిని చనిపోతుంది. ఏ మేతనైనా 10 నుంచి 14 రోజుల్లో మెల్లగా మార్చండి.

తర్వాత, బయట తిరగడం. ఎండాకాలం తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడ్డాక వదలండి. ఇంకో గుర్రం లేకపోతే మేకనో గాడిదనో తోడు పెట్టండి. మిగతావి చూసి నేర్చుకుంటాయని విడిగా కట్టేస్తే ఒంటరితనంతో అలవాటు ఇంకా ముదురుతుంది. వీవింగ్ ఎక్కువగా మేతవేళకు ముందు, తలుపు దగ్గరే కనిపిస్తుంది. ఆ గుర్రానికే ముందు వేయండి. పక్కగుర్రం కనబడేలా గోడకు ఇంకో కిటికీ తెరిస్తే చాలావాటిలో తగ్గుతుంది.

తలుపుకి మిరపకారం, వేపనూనె పూస్తే కొరికే చోటు మారుతుంది, అంతే. పట్టీ కూడా కట్టినంతసేపే. విప్పగానే మరింత కసిగా మొదలెడుతుంది. పళ్లు బాగా అరిగిపోతుంటే, కడుపునొప్పి పదేపదే వస్తుంటేనే డాక్టరును అడిగి వాడండి. రోజూ విప్పి చెవుల వెనక, గొంతు కింద చర్మం ఒరిసిందేమో చూడండి. ఏళ్లుగా పాతుకుపోయిన క్రిబ్బింగ్ పూర్తిగా పోవడం అరుదు. అలాంటి గుర్రానికి ఛాతీ ఎత్తులో రబ్బరు తొడిగిన ఒక పలక వదిలేయడమే మేలని మా అభిప్రాయం. పళ్లయినా మిగులుతాయి.

పుండ్ల అనుమానం ఉంటే మందు మీరే మొదలుపెట్టకండి. తిరుపతి పశువైద్య కళాశాలలో గానీ, గుర్రాలు చూసే డాక్టరుకు గానీ చూపించండి. క్రిబ్బింగ్ చేసే గుర్రాల్లో పేగు చిక్కుకునే రకం కడుపునొప్పి ఎక్కువ. కాలితో నేల గీరడం, డొక్క వైపు తిరిగి చూడటం, పడుకుని దొర్లడం కనిపిస్తే మేత తీసేసి వెంటనే డాక్టరును పిలవండి, తెల్లారనిద్దాం అనుకోవద్దు.