రాత్రి దారి సరిగ్గానే పెట్టారు, తెల్లారేసరికి పడవ ఒడ్డెక్కింది: ఎందుకు?

వర్చువల్ రెగట్టా ఆఫ్‌షోర్ అనే ఆన్‌లైన్ తెరచాప పడవల పందెం ఆట కొత్తగా మొదలుపెట్టినవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "పడుకునే ముందు దిశ సరిగ్గానే పెట్టాను. పొద్దున చూస్తే పడవ ఇంకెక్కడో ఉంది. నెట్ పోయిందంటారా?"

నెట్ కాదు. పడవ నడిచేది మీ ఫోన్‌లో కాదు, సర్వర్‌లో. ఫోన్ ఆపేసినా, మీరు చివరగా ఇచ్చిన ఆదేశం పట్టుకుని అది వెళ్తూనే ఉంటుంది. యాప్ తీసేసి మళ్లీ వేసుకునే ముందు, దయచేసి, ఆ ఆదేశం ఏమిటో ఒక్కసారి చూడండి. అందరూ వదిలేసేది ఇదే.

లక్షణం: గాలి బాగానే ఉంది, వేగం లేదు

గాలి వచ్చే దిక్కుకు మరీ దగ్గరగా ముక్కు పెట్టి ఉంటారు. గాలికి 45 డిగ్రీల కోణం వచ్చేదాకా పక్కకు తిప్పి వేగం పెరిగిందేమో చూడండి. పెరగకపోతే తెరచాప చూడండి: ఆటో సెయిల్ (తెరచాపను దానంతటదే మార్చే సౌకర్యం) లేనివాళ్లు వెనకగాలికి వేసిన స్పిన్నేకర్ తెరచాపను ఎదురుగాలిలోనూ అలాగే ఉంచేస్తారు. ఇప్పుడే తెరచాప మార్చినా, ట్యాక్ కొట్టినా (ముక్కును గాలికి అడ్డంగా ఇటు నుంచి అటు తిప్పినా) వేగం కాసేపు తగ్గడం మామూలే. ఆగండి, అదే కోలుకుంటుంది. కంగారుపడి మళ్లీ మారిస్తే ఇంకోసారి నష్టపోతారు.

లక్షణం: రాత్రి పెట్టిన దిశ పొద్దుటికి మారిపోయింది

కారణం టీడబ్ల్యూఏ (గాలి వచ్చే దిక్కుకూ పడవ ముక్కుకూ మధ్య కోణం) దగ్గరున్న తాళం గుర్తు. పడవకు ఆదేశం రెండు రకాలుగా ఇవ్వొచ్చు. హెడింగ్ పెడితే గాలి ఎటు తిరిగినా ముక్కు అదే దిక్కున ఉంటుంది. టీడబ్ల్యూఏకు తాళం వేస్తే గాలికీ పడవకూ మధ్య కోణం మారదు, గాలితోపాటు ముక్కే తిరుగుతుంది. పెట్టిన క్షణంలో, ఏ రకంగా పెట్టినా తెర మీద కనబడే అంకెలు అవే. తేడా కనిపించేది గాలి తిరిగాకే. అందుకే "నేను చూసే పడుకున్నాను" అని అందరూ అంత నమ్మకంగా చెబుతారు.

ఒంటరిగా ప్రపంచం చుట్టివచ్చే పడవ పందెం వాందే గ్లోబ్ దారినే తీసుకోండి. 2020 నవంబర్ 8న మొదలైన పోటీకి ఆన్‌లైన్‌లో 10 లక్షల మందికి పైగా ఆడారు. మీరు ఫ్రాన్స్‌లోని లే సాబ్ల్ దొలోన్ నుంచి బిస్కే అఖాతం దాటి స్పెయిన్ వాయవ్య మూలనున్న ఫినిస్టెర్ కొస వైపు వెళ్తున్నారనుకోండి, హెడింగ్ 240 (ఉత్తరం నుంచి కుడివైపుగా లెక్కపెట్టే డిగ్రీలు). గాలి సరిగ్గా ఉత్తరం నుంచి వస్తోంది, అంటే టీడబ్ల్యూఏ 120. దానికి తాళం వేసి పడుకున్నారు. గాలి 30 డిగ్రీలు పడమరకు జరిగి 330 నుంచి వీచిందంటే పడవ 210కి తిరిగి స్పెయిన్ ఉత్తర తీరం మీదికి పోతుంది. 15 నాట్ల వేగంతో 8 గంటలు అలా పోతే, అనుకున్న చోటికి సుమారు 60 నాటికల్ మైళ్ల దూరంలో తేలతారు.

"పడవ ముందు కనబడే గీత కూడా చూశాను, ఒడ్డుకు తగల్లేదు" అంటారు కొందరు. ఆ గీత అప్పటికి ఉన్న గాలి అంచనాతో గీసింది. ఆటలో గాలికి ఆధారం అమెరికా వాతావరణ సంస్థ నోవా నడిపే జీఎఫ్ఎస్ అనే వాతావరణ అంచనా మోడల్. అది రోజుకు 4 సార్లు, 00, 06, 12, 18 గంటల యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్క మొదలుపెడుతుంది. 18 యూటీసీ అంటే మనకు రాత్రి 11:30. లెక్క తేలడానికి ఇంకొన్ని గంటలు పడుతుంది కాబట్టి, కొత్త గాలి వచ్చేది మనం గాఢనిద్రలో ఉన్నప్పుడే. పాత గాలికి ఒడ్డును కొద్దిలో తప్పించుకున్న గీత కొత్త గాలికి సరిగ్గా ఒడ్డు మీద పడొచ్చు.

పరిష్కారం: రాత్రంతా వెళ్లే దూరంలో నేల ఉంటే తాళం తీసి హెడింగ్ పెట్టండి, అదీ ఒడ్డుకు కాస్త ఎడంగా. మరుసటి అలారం కొత్త అంచనా వచ్చే వేళకు పెట్టుకోండి. అలాగని తాళమే చెడ్డదని ఎప్పుడూ హెడింగ్ మీదే వదలకండి. నడిసముద్రంలో ఎదురుగాలికి వెళ్తున్నప్పుడు తాళమే మంచిది. అక్కడ హెడింగ్ పెడితే, గాలి ముక్కు మీదికి తిరిగిన మరుక్షణం వేగం పడిపోతుంది, తెల్లవార్లూ పాకుతూనే ఉంటారు. ముందే ఆదేశాలు వరుసగా పెట్టుకునే సౌకర్యం మీకుంటే, ఒడ్డు దగ్గరపడే వేళకు హెడింగ్‌కు మారేలా ఒకటి రాసిపెట్టండి.

ఇప్పటికే ఒడ్డెక్కి ఉంటే పడవ పోయినట్టు కాదు. సముద్రం వైపు తిప్పితే కదులుతుంది. పోయిన గంటలు మాత్రం పోయినట్టే.

మిగతావి అరుదు. అదే అకౌంట్ ఇంకో ఫోన్‌లో తెరిచి ఇంట్లోవాళ్లు ముట్టుకుని ఉండొచ్చు, అడగండి. సర్వర్‌లోనే తేడా ఉంటే పోటీలో అందరి పడవలకూ అదే గతి పడుతుంది, మీ ఒక్కరికే కాదు.