మైనస్ చలిలో ఎలక్ట్రిక్ కారు: ఏ లక్షణానికి ఏ మందు

జనవరి వచ్చిందంటే చికాగో చుట్టుపక్కల మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. "రేంజ్ సగానికి పడిపోయింది, బ్యాటరీ పోయినట్టేనా?" రేంజ్ అంటే ఒక్కసారి ఛార్జ్ చేస్తే కారు వెళ్లగలిగే దూరం. అది తగ్గినా చాలావరకు బ్యాటరీకి ఏమీ కాదు. పెట్రోల్ ఇంజన్ ఎలాగూ బోలెడంత వేడిని వృథా చేస్తుంది, దాని హీటర్ ఆ వేడితోనే నడిచిపోతుంది. ఎలక్ట్రిక్ మోటారు దగ్గర అంత వృథా ఉండదు. కాబట్టి మనకి కావలసిన వేడి, బ్యాటరీకి కావలసిన వేడి, రెండూ బ్యాటరీ ఖాతాలోంచే పోవాలి. సర్వీస్ అపాయింట్‌మెంట్ పెట్టేముందు మీ ఇబ్బంది కింద ఉందేమో చూసుకోండి.

సమస్య: రేంజ్ ఒక్కసారిగా తగ్గింది

అమెరికాలో వాహనదారుల సంఘమైన ట్రిపుల్ ఏ (AAA) 2019లో 5 ఎలక్ట్రిక్ కార్లను 20 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో, అంటే సుమారు మైనస్ 7 సెల్సియస్‌లో పరీక్షించింది. హీటర్ ఆపి నడిపితే రేంజ్ సగటున 12 శాతం తగ్గింది. హీటర్ వేస్తే 41 శాతం. అసలు ఖర్చు ఎక్కడుందో అక్కడే తెలిసిపోతోంది.

దీన్ని ఇంకా పెంచేవి మన చిన్న చిన్న ట్రిప్పులు. పిల్లల్ని స్కూల్లో దింపి ఇంటికి, మళ్లీ కూరగాయలకి, సాయంత్రం అరోరా గుడికి. ఆపిన ప్రతిసారీ కారు చల్లబడుతుంది, ఎక్కిన ప్రతిసారీ మొదటినుంచి వేడి చేయాలి. అవే మైళ్లు ఒక్క విడతలో తిరిగితే ఇంత ఖర్చు కాదు. అందుకే పనులన్నీ ఒకే చుట్టులో పెట్టుకోండి. బయల్దేరే టైమ్‌ని యాప్‌లో సెట్ చేసి, కారు ప్లగ్‌లో ఉండగానే వేడెక్కించండి. ఆ వేడి గోడ కరెంటుతో వస్తుంది, బ్యాటరీది ఖర్చు కాదు. నా ఉద్దేశంలో చలికాలపు చిట్కాలన్నిటిలో దీన్ని మించింది లేదు.

దారిలో సీటు హీటర్, స్టీరింగ్ హీటర్ వాడుకోండి. అవి తినేది వాట్లలో, క్యాబిన్ హీటర్ తినేది కిలోవాట్లలో. అలాగని క్యాబిన్ హీటర్ పూర్తిగా కట్టేసి జాకెట్లో వణుకుతూ నడపొద్దు. అద్దాలకి ఆవిరి పట్టి రోడ్డు కనపడదు, ఆ పొదుపు మనకొద్దు. కారు కొనబోయేవాళ్లు హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లోపలికి లాగి, తక్కువ కరెంటుతో కారుని వేడిచేసే పరికరం) ఉందో లేదో అడగండి. టెస్లా మోడల్ వైలో మొదటినుంచీ ఉంది, మోడల్ 3కి 2021 మోడల్ నుంచి వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఈ తేడా ముఖ్యం. చలి మరీ ముదిరితే హీట్ పంప్ లాభం కూడా తగ్గుతుందనుకోండి.

టైర్లలో గాలి కూడా చూడండి. 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే టైరు ఒత్తిడి దాదాపు 1 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గుతుంది.

సమస్య: పొద్దున చూస్తే శాతం తగ్గింది, బ్యాటరీ బొమ్మలో కొంత నీలం రంగు, పక్కన మంచు గుర్తు

ఆ నీలం ముక్క ఎక్కడికీ పోలేదు. బ్యాటరీ చల్లగా ఉంది కాబట్టి ప్రస్తుతానికి వాడుకోలేరు, అంతే. కాసేపు నడిపితే వెనక్కి వస్తుంది.

సమస్య: రాత్రంతా మామూలు ప్లగ్‌లో పెట్టినా ఛార్జ్ ఎక్కలేదు

120 వోల్టులు, 12 ఆంపియర్లు అంటే 1.4 కిలోవాట్లు. గడ్డకట్టే చలిలో ముందు బ్యాటరీని వేడి చేసుకోవడానికే ఆ కరెంటంతా సరిపోవచ్చు. అసలు మందు 240 వోల్టుల ఛార్జర్. 32 ఆంపియర్లకి 7.7 కిలోవాట్లు వస్తాయి. అద్దె ఇంట్లో అది కుదరదంటే, ఇంటికి రాగానే బ్యాటరీ వేడి తగ్గకముందే ప్లగ్ పెట్టేయండి. భోజనం చేసి, సీరియల్ చూసి, పడుకునే ముందు పెడదాంలే అంటే అప్పటికి బ్యాటరీ చల్లబడటం మొదలైపోతుంది. ఎక్స్‌టెన్షన్ తీగల జోలికి మాత్రం పోకండి.

సమస్య: ఫాస్ట్ ఛార్జర్ దగ్గర నత్తనడక

చల్లటి బ్యాటరీలోకి కరెంటు బలవంతంగా ఎక్కిస్తే లిథియం లోపలికి వెళ్లలేక బ్యాటరీలోని గ్రాఫైట్ పొర మీద లోహపు పూతలా పేరుకుంటుంది. అది శాశ్వత నష్టం. అందుకే కారే కావాలని వేగం తగ్గిస్తుంది. 2024 జనవరి చలిగాలుల్లో చికాగో ఛార్జర్ల దగ్గర బార్లు తీరిన కార్లు, లైన్లో ఉండగానే ఛార్జ్ మొత్తం ఖాళీ అయి బండిని టో చేయించుకున్నవాళ్లు వార్తలకెక్కారు. అక్కడ చలి ఎంత కారణమో, బ్యాటరీని ముందుగా వేడెక్కించకుండా అడుగంటిన ఛార్జ్‌తో రావడమూ అంతే కారణం.

ఛార్జర్‌ని కారు నావిగేషన్లోనే గమ్యంగా పెట్టాలి. ఫోన్ మ్యాప్‌లో పెడితే కారుకి తెలియదు, బ్యాటరీ వేడెక్కడం మొదలవదు. అరగంట ముందే పెట్టండి. కొన్ని కార్లలో ఛార్జ్ బాగా తక్కువైతే ఈ వేడెక్కించడం అసలు మొదలే కాదు, కాబట్టి 5 శాతం దాకా లాగొద్దు. పొద్దున్నే చల్లటి బండి తీసుకెళ్లేకంటే ఆఫీసు నుంచి వస్తూ దారిలో ఎక్కించుకోవడం మేలు.

సమస్య: ఛార్జింగ్ గన్ ఊడి రావట్లేదు

లాక్ పిన్ను దగ్గర కరిగిన మంచు మళ్లీ గడ్డకట్టి ఉంటుంది. గుంజొద్దు, వేడినీళ్లు పోయొద్దు. ఆ నీళ్లే ఇంకో పది నిమిషాల్లో ఐసవుతాయి. ముందు ఛార్జింగ్ ఆపి, యాప్‌లో డీఫ్రాస్ట్ వేసి కాసేపు ఆగండి. కొన్ని కార్లలో పోర్టుకే చిన్న హీటర్ ఉంటుంది. మూతే తెరుచుకోకపోతే అంచుల మీద పిడికిలితో మెల్లగా తట్టండి, మంచు పగిలి విడిపోతుంది.

సమస్య: యాక్సిలరేటర్ వదిలినా కారు స్లో అవట్లేదు

యాక్సిలరేటర్ వదిలితే మోటారే కారుని నెమ్మదింపజేస్తూ కరెంటు పుట్టించి బ్యాటరీకి తిరిగి పంపుతుంది, దీన్నే రీజెన్ అంటారు. చల్లటి బ్యాటరీ ఆ కరెంటుని తీసుకోలేకపోతుంది, నిండా ఛార్జ్ ఉన్నా అంతే. మొదటి కొన్ని మైళ్లు బ్రేక్ పెడల్ మీదే ఆధారపడండి, ముందు కారుకి దూరం పెంచండి.

సమస్య: కారు తలుపే తెరుచుకోవట్లేదు, స్క్రీన్ నల్లగా ఉంది

పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా ఇలా అవుతుంది. తలుపులు, స్క్రీన్, కంప్యూటర్ నడిపేది పక్కనున్న చిన్న 12 వోల్టుల బ్యాటరీ. అది పాతబడ్డ లెడ్ యాసిడ్‌దైతే చలి దెబ్బకి చేతులెత్తేస్తుంది. బయటినుంచి 12 వోల్టులు ఎక్కడ ఇవ్వాలో మాన్యువల్లో ఉంటుంది, ఆ పేజీని ఇప్పుడే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

నెలరోజులు ఇండియా వెళ్తూ కారు వదిలేసేవాళ్లు వీలైతే ప్లగ్‌లోనే ఉంచండి. లేదంటే దండిగా ఛార్జ్ ఉంచి, సెంట్రీ మోడ్ (ఆగి ఉన్న టెస్లా కెమెరాలతో చుట్టూ కాపలా కాసే ఏర్పాటు) ఆపేయండి. విజయవాడలో కూర్చుని రోజూ యాప్ తెరిచి "బండి ఎలా ఉందో" అని చూడొద్దు. తెరిచిన ప్రతిసారీ అది నిద్రలేస్తుంది, లేచిన ప్రతిసారీ ఛార్జ్ తింటుంది.

సర్వీస్‌కి ఎప్పుడు వెళ్లాలంటే: ఎర్ర హెచ్చరిక వస్తే, హీటర్ నుంచి చల్లగాలే వస్తుంటే వెంటనే. రేంజ్ గొడవైతే బయట 60 ఫారెన్‌హీట్ వచ్చేదాకా ఆగండి. అప్పటికీ కోలుకోకపోతే అపాయింట్‌మెంట్ పెట్టండి.