ఒకే దూలం, రెండు లెక్కలు

డిజైన్ లెక్కలో భద్రత ఎక్కడ చేరుతుందో తెలియాలంటే, ఒకే ఆర్‌సీసీ దూలాన్ని వర్కింగ్ స్ట్రెస్ పద్ధతిలోనూ, లిమిట్ స్టేట్ పద్ధతిలోనూ డిజైన్ చేసి చూడాలి. రెండు చివరలా ఊరికే ఆనించిన 4 మీటర్ల దూలం తీసుకుందాం. వెడల్పు 230 మి.మీ., మొత్తం లోతు 400 మి.మీ., కడ్డీల మధ్యరేఖ వరకు లోతు 360 మి.మీ.; కాంక్రీటు ఎం20 (చదరపు మి.మీ.కు 20 న్యూటన్ల బలం), ఉక్కు ఎఫ్‌ఈ415 (415 న్యూటన్ల బలం). స్వంత బరువుతో సహా మీటరుకు 20 కిలోన్యూటన్ల భారం ఉందనుకుందాం.

మొదట వర్కింగ్ స్ట్రెస్ పద్ధతి. ఇందులో భారాన్ని ఉన్నదున్నట్టుగా తీసుకుంటాం కనుక నడిమి మొమెంట్, అంటే దూలాన్ని వంచే ప్రభావం, 20 × 4 × 4 ÷ 8, అంటే 40 కిలోన్యూటన్ మీటర్లు. భద్రత అంతా అనుమతించే ప్రతిబలాల్లోనే (స్ట్రెస్) ఉంటుంది: వంపులో కాంక్రీటుకు చదరపు మి.మీ.కు 7 న్యూటన్లు, ఉక్కుకు 230 న్యూటన్లు. ఈ హద్దుల్లో రెండూ ఒకేసారి తమ పరిమితిని చేరేలా లెక్కిస్తే మన దూలం మోయగలిగేది దాదాపు 27 కిలోన్యూటన్ మీటర్లు మాత్రమే. 40 మోయాలంటే కడ్డీల మధ్యరేఖ వరకు లోతు 436 మి.మీ. ఉండాలి, ఉక్కు 441 చదరపు మి.మీ. చాలు.

లిమిట్ స్టేట్‌లో భారాన్ని 1.5తో గుణిస్తాం, మొమెంట్ 60 అవుతుంది. పదార్థాల బలాన్ని మాత్రం విడిగా, కాంక్రీటుకు 1.5తో, ఉక్కుకు 1.15తో భాగిస్తాం. పదార్థాన్ని బట్టి భాజకం మారడం సబబే, ఎందుకంటే సైటులో కలిపే కాంక్రీటు నాణ్యత ఫ్యాక్టరీ ఉక్కులా నిలకడగా ఉండదు. భారతీయ కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456:2000 ప్రకారం దూలం సామర్థ్యం 0.138 × 20 × 230 × 360 × 360, అంటే సుమారు 82 కిలోన్యూటన్ మీటర్లు. 60 కంటే ఎక్కువే కాబట్టి 400 లోతు సరిపోతుంది. ఉక్కు మాత్రం 533 చదరపు మి.మీ. కావాలి, 16 మి.మీ. కడ్డీలు మూడు వేస్తే 603 వస్తుంది. లోతు తగ్గించుకున్నందుకు ఉక్కు రూపంలో చెల్లించుకున్నామన్నమాట.

లోతు తగ్గింది గనుక వంగుడు చూడాలి: పొడవును లోతుతో భాగిస్తే 4000 ÷ 360, అంటే 11, ప్రాథమిక పరిమితి 20 లోపే. కోతకు (షియర్) 1.5తో గుణించిన చివర భారం 60 కిలోన్యూటన్లు, 8 మి.మీ. రింగులను 250 మి.మీ. ఎడంతో కడితే చాలు. రింగులకు లెక్క ప్రకారం అంతకంటే ఎక్కువ ఎడం వచ్చినా, 360 లోతులో 0.75 వంతు, అంటే 270 మి.మీ. దాటకూడదు.