బీజింగ్‌కి వీకెండ్ రైలు: బయలుదేరే ముందే చూసుకోవాల్సినవి

చైనాలో షెన్‌యాంగ్, దాలియన్, జిన్‌జౌ వైపు ఎంబీబీఎస్ చదివే మనవాళ్లకి సెమిస్టర్ మొదలైన నెలకల్లా ఒక ఆలోచన వస్తుంది. శుక్రవారం రాత్రి రైలెక్కి, శని, ఆదివారాలు బీజింగ్ చూసి, సోమవారం క్లాసుకి వచ్చేయాలని. చక్కగా వెళ్లొచ్చు, ఖర్చు కూడా మరీ ఎక్కువేం కాదు. కాకపోతే ఈ ట్రిప్‌లో డబ్బు మిగిలేది మీరు రూములో ఉండగా చేసుకున్న ఏర్పాట్ల వల్లే. రైలు దిగాక తీసుకునే నిర్ణయాలన్నీ జేబుకి చిల్లు పెట్టేవే.

మొదట తేదీలు. అక్టోబర్ 1 నుంచి వారం పాటు ఉండే జాతీయ దినోత్సవ సెలవులు, మే 1 సెలవులు, చైనా కొత్త సంవత్సరం, ఈ మూడింటి దగ్గరా బీజింగ్ పేరు ఎత్తకండి. దేశమంతా అప్పుడే కదులుతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. పెద్ద సెలవులకి ముందో వెనకో వచ్చే శనివారాన్నో ఆదివారాన్నో ప్రభుత్వం పనిదినంగా మార్చేస్తుంది. ఆ రోజు మీకూ క్లాసు ఉండొచ్చు. టికెట్ కొనేముందు ఆ ఏటి సెలవుల క్యాలెండర్ చూసుకోండి.

పాస్‌పోర్ట్ మీ చేతిలోనే ఉందా? నవ్వకండి. రెసిడెన్స్ పర్మిట్ రెన్యువల్‌కి ఇచ్చి ఉంటే అది తిరిగి రావడానికి రోజులు పడుతుంది. వాళ్లిచ్చే రసీదు పట్టుకుని ట్రిప్ వేసుకోవద్దు. రైలుకీ, హోటల్‌కీ, మ్యూజియానికీ అన్నిటికీ పాస్‌పోర్టే కావాలి. అసలు పదహారేళ్లు దాటిన విదేశీయులు దాన్ని వెంట ఉంచుకోవాలని ఇక్కడి చట్టమే చెబుతోంది. ఫోన్‌లో ఉన్న ఫొటో దానికి బదులు కాదు. హాస్టల్ వదిలి వేరే ఊళ్లో రాత్రి ఉండాలంటే చాలా యూనివర్సిటీల్లో ముందుగా చెప్పి పర్మిషన్ తీసుకోవాలి. మీ దగ్గర రూల్ ఏంటో ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగేయండి.

టికెట్లు చైనా రైల్వే వాళ్ల 12306 యాప్‌లో 15 రోజుల ముందు నుంచి దొరుకుతాయి. విదేశీయులు మొదటిసారి అకౌంట్ తెరిచినప్పుడు పాస్‌పోర్ట్ వివరాలు వెరిఫై కావాలి. అది అప్పటికప్పుడు అయిపోతుందని గ్యారంటీ లేదు. కాబట్టి వెళ్లాలన్న ఆలోచన రాగానే అకౌంట్ పని ముగించండి. మన పేర్లతో ఇంకో తలనొప్పి. ఇంటిపేరు ఒక గడిలో, మూడు ముక్కల పేరు ఇంకో గడిలో, కొందరికైతే సర్‌నేమ్ గడి ఖాళీ. మార్కుల మెమోలో ఎలా ఉందో, వీచాట్‌లో ఎలా పెట్టుకున్నామో వదిలేసి, పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఎక్కించాలి. పాస్‌పోర్ట్ కొత్తది తీసుకుంటే నంబర్ మారుతుంది, అకౌంట్‌లోనూ మార్చండి.

ప్లాన్ మారితే టికెట్ తొందరగా క్యాన్సిల్ చేయండి. ఎనిమిది రోజులు లేదా అంతకన్నా ముందైతే కోత లేదు. ఆ తర్వాత 48 గంటల ముందు వరకు 5 శాతం, 48 నుంచి 24 గంటల మధ్య 10 శాతం, చివరి 24 గంటల్లో 20 శాతం పోతుంది.

ఇక స్టేషన్ పేర్లు. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ అన్నీ హైదరాబాదే అయినా ఒకదానికి వెళ్లాల్సినవాళ్లు ఇంకోదానికి వెళ్తే ఏమవుతుందో మనకి తెలుసు. బీజింగ్‌లోనూ అంతే. ఉత్త బీజింగ్ స్టేషన్, వెస్ట్, సౌత్, ఫెంగ్‌తాయ్, చావోయాంగ్ అని వేరువేరుగా ఉన్నాయి, ఒకదానికొకటి బోలెడు దూరం. షెన్‌యాంగ్ నుంచి వచ్చే హైస్పీడ్ రైళ్లు ఎక్కువగా బీజింగ్ చావోయాంగ్‌కి వెళ్తాయి. అదే లైన్లో, దారి మధ్యలో, ల్యావోనింగ్ చావోయాంగ్ అని ఇంకో స్టేషన్ ఉంది. అది వేరే ఊరు. చైనీస్‌లో రెండింటికీ అవే అక్షరాలు, ముందున్న మాట ఒక్కటే తేడా. బుక్ చేసేటప్పుడూ దిగేటప్పుడూ ఆ ముందు మాట చదవండి. తిరుగు రైలు ఏ స్టేషన్ నుంచో కూడా విడిగా రాసుకోండి, వచ్చిన చోటి నుంచే ఉంటుందనుకోవద్దు.

ఏ రైలు ఎక్కాలి? డబ్బు చూసుకునేవాళ్లకి రాత్రంతా నడిచే మామూలు రైలే లాభం, ఒక రాత్రి హోటల్ ఖర్చు తప్పుతుంది. హార్డ్ స్లీపర్‌లో ఇటు మూడు, అటు మూడు బెర్తులు, తలుపు ఉండదు. పై బెర్త్ అన్నిటికన్నా చవక, కాకపోతే అందులో లేచి కూర్చోలేరు. ఇంకొంచెం మిగులుతుంది కదా అని రాత్రంతా హార్డ్ సీట్‌లో మాత్రం వెళ్లొద్దని నా గట్టి సలహా. నిటారుగా కూర్చుని తెల్లవార్లూ వెళ్తే శనివారమంతా నిద్రలోనే పోతుంది. సీట్లు అయిపోయాక నిలబడి వెళ్లే టికెట్లు కూడా సీటు రేటుకే అమ్ముతారు. 'వూ ద్జువో' అని కనబడితే సీటు లేదని అర్థం. ఇక హైస్పీడ్ అయితే, రాత్రి 10 లోపు బీజింగ్ చేరేది చూసుకోండి. మెట్రో ఆగిపోయాక స్టేషన్ బయట పలకరించే ప్రైవేటు కార్లకి మీటరు ఉండదు. హైస్పీడ్ రైల్లో టాయిలెట్లోనైనా సరే సిగరెట్ వెలిగించకండి. అలారం మోగుతుంది, పోలీసులు వస్తారు, జరిమానా పడుతుంది.

స్టేషన్‌కి గంట ముందు చేరండి. గుమ్మంలోనే పాస్‌పోర్ట్ చూస్తారు, బ్యాగు ఎక్స్‌రేలో వెళ్తుంది. 150 మిల్లీలీటర్లు దాటిన స్ప్రేలు, కూరగాయల చాకు లాంటివి ఆపేస్తారు. పవర్ బ్యాంక్ 100 వాట్‌అవర్ లోపు ఉండాలి, దాని మీది అంకెలు చెరిగిపోకుండా కనబడాలి. ప్లాట్‌ఫాం గేటు దగ్గర అందరూ ఐడీ కార్డు మిషన్ మీద పెట్టి టకటకా వెళ్లిపోతుంటారు. మన పాస్‌పోర్ట్‌ని ఆ మిషన్ చాలాసార్లు చదవదు. మీరు తిప్పి తిప్పి పెడుతుంటే వెనక క్యూ అంతా గొణుగుతుంది. ఆ వరసలో పక్కగా సిబ్బంది నిలబడి చేత్తో చూసే గేటు ఒకటి ఉంటుంది. మొదటే అటు వెళ్లండి. రైలు కదలడానికి కొన్ని నిమిషాల ముందే గేట్లు మూసేస్తారు, బతిమాలినా తెరవరు.

ఉండే చోటు గురించి. బీజింగ్‌లో ఫ్రెండ్ రూము ఉంది, ఫ్రీ కదా అనుకుంటారు. హోటల్ కాని చోట రాత్రి ఉంటే 24 గంటల్లోగా ఆ ఏరియా పోలీస్ స్టేషన్‌లో పేరు నమోదు చేయించాలి. లేకపోతే 2,000 యువాన్ల దాకా జరిమానా వేయొచ్చు. హోటల్లో, హాస్టల్లో అయితే ఆ పని వాళ్లే చేస్తారు. విదేశీయుల్ని తిప్పి పంపొద్దని 2024లో ప్రభుత్వం చెప్పినా, మరీ చవక లాడ్జీల్లో కౌంటర్ దగ్గర 'కుదరదు' అనేవాళ్లు ఇంకా ఉన్నారు. ముందు రోజే ఫోన్ చేసి గానీ, మెసేజ్ పెట్టి గానీ అడగండి. జవాబు స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

ఫర్బిడెన్ సిటీకి, అంటే పాత చక్రవర్తుల రాజభవనానికి, కౌంటర్ దగ్గర టికెట్ దొరుకుతుందని వెళ్లొద్దు. ఏడు రోజుల ముందు రాత్రి 8 గంటలకి ఆన్‌లైన్‌లో వదులుతారు, వీకెండ్ టికెట్లు చూస్తుండగానే అయిపోతాయి. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా 60 యువాన్లు, మిగతా నెలల్లో 40. సోమవారం సెలవు. దొరక్కపోతే వెనకున్న జింగ్‌షాన్ పార్కు గుట్ట ఎక్కండి, మామూలు రోజుల్లో టికెట్ 2 యువాన్లు. ఆ బంగారు రంగు కప్పులన్నీ పైనుంచి కనబడతాయి. తియానన్మెన్ స్క్వేర్‌కి కూడా ముందుగా బుక్ చేసుకోవాల్సిందే.

మహాకుడ్యానికి మన బడ్జెట్ దారి దోంగ్‌జిమెన్ నుంచి 916 ఎక్స్‌ప్రెస్ బస్సు. హువాయ్‌రౌలో దిగి, ఇంకో బస్సు మారితే ముతియాన్‌యూ, గోడ ఎక్కే చోటు. ఈ బస్సు మీద చాలా ఏళ్లుగా ఒక మోసం నడుస్తోంది. హువాయ్‌రౌ ఇంకా రాకముందే ఏదో స్టాప్‌లో యూనిఫాం లాంటి చొక్కా వేసుకున్న మనిషి తలుపు దగ్గర కనబడతాడు. విదేశీ ముఖాలు చూసి 'ముతియాన్‌యూ! ముతియాన్‌యూ!' అని అరుస్తూ చేత్తో దిగమంటాడు. కండక్టరేమో అనుకుని దిగుతారు. బస్సు వెళ్లిపోతుంది. పక్కనే కారు సిద్ధంగా ఉంటుంది, ఇక్కడి నుంచి బస్సు లేదంటారు, వందల్లో అడుగుతారు. అందుకే ఫోన్‌లో గావ్‌దే అనే చైనా మ్యాప్ యాప్ తెరిచి ఉంచి, మీ చుక్క ఎక్కడుందో చూస్తూ ఉండండి. ఎవరు పిలిచినా మీ స్టాప్ వచ్చేదాకా సీటు వదలొద్దు.

వాంగ్‌ఫుజింగ్ షాపింగ్ వీధి దగ్గర ఇంగ్లిష్ ప్రాక్టీస్ చేస్తామంటూ మర్యాదగా మాట కలిపి టీ తాగుదాం రమ్మనేవాళ్లతో వెళ్లకండి, బిల్లు వేలల్లో వస్తుంది. పాత సందుల్లో సైకిల్ రిక్షావాళ్లు '3' అని వేలు చూపించి దిగాక 300 అంటారు.

తిండి విషయంలో ఒక్క సంగతి. 'చింగ్‌జెన్' అని బోర్డు ఉన్న హలాల్ హోటల్లో పంది మాంసం ఉండదు కాబట్టి మనకి ఓకే అని చాలామంది అనుకుంటారు. అక్కడి లాన్‌జౌ నూడుల్స్ పులుసు గొడ్డు మాంసంతో కాచేదే. తినని వాళ్లు టమాటా కోడిగుడ్డు వేపుడు, బంగాళాదుంప తురుము వేపుడు అడగండి, దాదాపు ఎక్కడైనా దొరుకుతాయి. రైల్లో ప్రతి బోగీలో వేడినీళ్లు ఫ్రీ కాబట్టి కప్ నూడుల్స్, పులిహోర పొట్లం, పచ్చడి సీసా చాలు. సీసా మూతకి టేపు చుట్టండి, కింది బెర్త్ వాళ్ల దుప్పటి మీద నూనె కారితే గొడవే.

ఫోన్ చచ్చిపోతే డబ్బు, మ్యాప్, టికెట్ నంబర్ అన్నీ ఒకేసారి పోతాయి. అలీపే, వీచాట్ పేమెంట్ యాప్‌లు రెండింట్లోనూ డబ్బు ఉంచండి, 300 యువాన్ల నోట్లు విడిగా పెట్టుకోండి. హోటల్ పేరు, అడ్రస్, రైలు నంబర్లు చైనీస్‌లో కాగితం మీద రాసుకోండి. ఇంట్లోవాళ్లకి ఏ రైలు, ఏ హోటలో వీచాట్‌లో పంపేయండి, లేకపోతే రాత్రంతా టెన్షన్ పడతారు. అదే కాగితం వెనక ఇవి కూడా రాయండి: పోలీసులకి 110, అంబులెన్స్‌కి 120, వీసా, రిజిస్ట్రేషన్ సందేహాలకి ఇంగ్లిష్‌లో కూడా మాట్లాడే 12367. పాస్‌పోర్ట్ పోతే ముందు పోలీసుల దగ్గర రిపోర్టు రాయించుకుని, తర్వాత చావోయాంగ్ జిల్లాలో ల్యాంగ్‌మాచావ్ దగ్గరున్న మన ఎంబసీకి వెళ్లాలి. వీకెండ్ కాబట్టి ఆఫీసు మూసి ఉండొచ్చు, ఎంబసీ ఎమర్జెన్సీ నంబర్ వెబ్‌సైట్ నుంచి ముందే తీసి రాసుకోండి.